లెవల్ క్రాసింగ్ పక్కన ఫోన్: రిసీవర్ ఎత్తాక గడిచే సెకన్లు

అందరికీ నమస్కారం.

లెవల్ క్రాసింగ్ పక్కన ఒక స్తంభం, దానికి ఒక చిన్న పెట్టె, లోపల ఒక ఫోన్. దాటేవాళ్లలో చాలామంది దాన్ని గమనించరు. ఏడాది పొడవునా ఎవరూ ఎత్తకపోవచ్చు. ఎత్తిన రోజున మాత్రం మొదటి ప్రయత్నంలోనే పలకాలి. అవతల ఉన్నది రైళ్లను ఆపగల మనిషై ఉండాలి. ఫోన్ ఏ క్రాసింగ్ నుంచి వస్తోందో ఆ మనిషికి అడగకుండానే తెలియాలి. ఈ మూడూ కుదరకపోతే ఆ పెట్టె ఉన్నా లేనట్టే. కుదరడానికి ఏం కావాలో, ఎక్కడ చెడుతుందో ఈ రోజు చూద్దాం.

ముందు కొంచెం లెక్క. ఇది మనసుకు ఎక్కితేనే మిగతావన్నీ అర్థమవుతాయి.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. అత్యవసర బ్రేకు వేస్తే సెకను సెకనుకూ 0.7 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుందాం. ఆ లెక్కన ఆగడానికి 550 మీటర్లు కావాలి. అదే రైలు 160తో వస్తుంటే 1,400 మీటర్లు. గూడ్సు బండి సంగతి వేరే. దాని బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి చివరి వ్యాగన్ దాకా తగ్గడానికే కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 90 కిలోమీటర్ల దరిదాపుల్లో నడిచే పొడవాటి గూడ్సు ఆగాలంటే మైలు, అంటే 1.6 కిలోమీటర్లు, ఆ పైన కూడా పట్టవచ్చు.

ఇప్పుడు రెండో అంకె. ఆటోమేటిక్ క్రాసింగుల్లో గంట మోగడం మొదలయ్యాక రైలు వచ్చేలోపు అమెరికా నిబంధనల ప్రకారం కనీసం 20 సెకన్లు ఉండాలి. బ్రిటన్‌లో సగం రోడ్డుకే అడ్డుపడే ఆటోమేటిక్ గేట్లకు అది 27 సెకన్లు. 27 సెకన్లలో 160 కిలోమీటర్ల వేగపు రైలు నడిచే దూరం 1,200 మీటర్లు. ఆగడానికి కావలసింది 1,400. అంటే గంట మోగిన క్షణంలోనే, అద్దంలోంచి అన్నీ కనబడుతున్నా, ఆ డ్రైవర్ చేతిలో ఆగే అవకాశం లేదు.

అందుకే ఈ ఫోన్ గురించి ప్రజలకు మొదట చెప్పాల్సిన మాట ఇది: గంట మోగితే ఫోన్ వైపు పరుగెత్తకండి, బండి వదిలేసి దూరంగా పోండి. ఎటు పోవాలన్నదీ ముఖ్యమే. పట్టాలకు దూరంగా, రైలు వస్తున్న దిక్కుకు ఏటవాలుగా వెళ్లాలి. రైలు బండిని గుద్దితే ముక్కలు రైలు పోతున్న వైపే ఎగురుతాయి. రైలుకు ఎదురు దిక్కున ఉన్నవాళ్లకు ఆ దెబ్బ తగలదు. అందరూ దూరంగా చేరాకే ఫోన్.

మరి ఫోన్ ఎప్పుడు పనికొస్తుంది? గంట ఇంకా మోగనప్పుడు, లేదా అది చెడి మోగుతున్నప్పుడు. ట్రాక్టరు పట్టాల మధ్య ఆగిపోయింది, రైలు ఇంకా చాలా దూరంలో ఉంది. లారీ ఇరుసు విరిగింది. గేటు కర్ర విరిగి వేలాడుతోంది. రైలు లేకుండానే గంట ఆగకుండా మోగుతోంది. పశువుల మందను దాటించాలి. బాగా పొడవున్న బరువు బండి దాటాలి. ఇలాంటివాటికి.

అక్కడైనా సమయం ఎలా కరిగిపోతుందో చూడండి. బండి దిగి ఫోన్ దాకా రావడానికి 15 సెకన్లు. తలుపు తీసి, ఎత్తి, అవతల గంట మోగి, ఎవరో పలకడానికి 10. ఎక్కడో, ఏమిటో చెప్పడానికి మరో 15. సిగ్నల్ ఎరుపుకు తిప్పి, రేడియోలో డ్రైవర్‌ను పిలవడానికి 15. డ్రైవర్ విని బ్రేకు వేయడానికి 5. మొత్తం నిమిషం. ఆ నిమిషంలో 100తో వచ్చే రైలు దాదాపు 1,700 మీటర్లు ముందుకొస్తుంది. దానికి ఆగే దూరం 550 కలపండి. అంటే ఫోన్ చేసేవాడు బండి దిగే సమయానికి రైలు కనీసం రెండుంపావు కిలోమీటర్ల అవతల ఉండాలి. ఈ గొలుసులో ఎక్కడ ఒక సెకను మిగిల్చినా 28 మీటర్లు మిగిలినట్టే. కేబుల్, పెట్టె, స్విచ్, బోర్డు, వీటిలో ఏది ఎంచుకునేటప్పుడైనా "ఇది ఎన్ని సెకన్లు తింటుంది?" అనే అడగాలి.

2004 నవంబరు 6న ఇంగ్లండ్‌లోని ఉఫ్టన్ నెర్వెట్ క్రాసింగ్ మీద ఒక కారు ఆగి ఉంది. డ్యూటీలో లేని ఒక పోలీసు అధికారి అది చూసి క్రాసింగ్ ఫోన్ దగ్గరికి వెళ్లారు. అవతలి మనిషికి విషయం చేరేలోపే రైలు వచ్చింది. కారు నడిపిన వ్యక్తి, రైలు డ్రైవర్ సహా ఏడుగురు చనిపోయారు. అక్కడ ఫోన్ ఉంది, మనిషి ఉన్నాడు, లేనిది సమయం. తర్వాత అక్కడ వంతెన కట్టి ఆ క్రాసింగునే తీసేశారు. క్రాసింగ్ లేకపోవడాన్ని మించిన భద్రత లేదు. అది కుదిరే చోట ఫోన్ గురించి ఆలోచించనక్కరలేదు.

జపాన్‌లో ఈ సమయం సమస్యకు వేరే దారి పట్టారు. క్రాసింగ్ దగ్గర ఎర్ర మీట ఉంటుంది. నొక్కితే పట్టాల పక్కన ఉన్న ప్రత్యేక దీపాలు మెరిసి నేరుగా రైలు డ్రైవర్‌కే ఆపమని చెబుతాయి. మధ్యలో మాటలు లేవు, రేడియో లేదు. ఇందాకటి నిమిషంలో సగానికి పైగా మిగులుతుంది. కాని మీటకు నోరు లేదు. ఏం జరిగిందో, ఎంతసేపు పడుతుందో, అడ్డం తొలిగిందో లేదో చెప్పలేదు. రైలును ఆపడానికి మీట, ఆపాక మాట్లాడడానికి ఫోన్, రెండూ ఒకే స్తంభం మీద ఉంటే అంతకన్నా మంచి అమరిక లేదని నేను గట్టిగా చెబుతాను.

ఇక అనుమతి ఫోన్ల సంగతి. దీని మీద కాసేపు ఆగాలి. పొడవైన, నెమ్మదిగా కదిలే బండి క్రాసింగ్ ఎక్కేముందే సిగ్నల్ నడిపే మనిషికి ఫోన్ చేసి, సరే అన్నాకే కదలాలి. ఈ నియమం రక్తంతో నేర్చుకున్నది.

1968 జనవరి 6, ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్, హిక్సన్. 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ను మోస్తున్న బండి, పొడవు 148 అడుగులు, అంటే 45 మీటర్లు. ఆటోమేటిక్ క్రాసింగ్ దాటుతోంది. వేగం గంటకు రెండు మైళ్లు, సెకనుకు మీటరు కూడా లేదు. తన పొడవు మేర కదలడానికే 50 సెకన్లు, పట్టాల వెడల్పు కూడా కలిస్తే నిమిషం. గంట మోగాక రైలు వచ్చేది 24 సెకన్లకు. ఇక చెప్పేదేముంది? మాంచెస్టర్ నుంచి లండన్ పోతున్న ఎక్స్‌ప్రెస్ ఆ బండిని ఢీకొట్టింది. 11 మంది చనిపోయారు.

ఆ క్రాసింగ్ దగ్గర ఫోన్ ఉంది. భారీ బండ్లు దాటేముందు ఫోన్ చేయాలన్న సూచన కూడా రాసి ఉంది. బండికి పోలీసు రక్షణ ఉంది. అయినా ఎవరూ ఫోన్ చేయలేదు. ఎందుకంటే ఆ సూచన బండి నడిపేవాడు తన సీట్లోంచి చదివి, అది తన గురించేనని గ్రహించే తీరులో లేదు. విచారణ తర్వాత బ్రిటన్‌లో రోడ్డు మీదే, క్రాసింగుకు ముందే, పెద్ద బోర్డులు వచ్చాయి. "పెద్ద" అంటే ఎంత, "నెమ్మది" అంటే ఎంత అన్నది కూడా బోర్డు మీదే అంకెల్లో రాశారు: 55 అడుగులకు, అంటే 16.8 మీటర్లకు మించిన పొడవు, లేదా 2.9 మీటర్లకు మించిన వెడల్పు, లేదా బరువు పరిమితి, లేదా గంటకు 5 మైళ్లు, అంతకు తక్కువ వేగం. ఈ అంకెల్లోనే అసలు విషయం ఉంది. "భారీ వాహనాలు" అని రాస్తే ఏ డ్రైవరూ తన బండి భారీ అనుకోడు. మీటర్లు రాస్తే తప్పించుకోలేడు.

పాతికేళ్లు గడిచాక 1993 నవంబరు 30న అమెరికాలోని ఫ్లోరిడాలో, ఇంటర్‌సెషన్ సిటీ దగ్గర, అదే కథ మళ్లీ నడిచింది. 82 టన్నుల టర్బైన్ మోస్తున్న 184 అడుగుల బండి పట్టాల మీద ఉండగా ప్రయాణికుల రైలు గుద్దింది. రైళ్లను నడిపే కంట్రోలర్‌కు ముందుగా ఎవరూ చెప్పలేదు. దేశం మారింది, బరువు మారింది, చేయని ఫోన్ మాత్రం అదే.

అనుమతి కాల్‌లో ఏం మాట్లాడాలో కూడా కచ్చితంగా ఉండాలి. సిగ్నల్ మనిషి బండి పొడవు, వేగం అడిగి, ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క కట్టాలి. ఆ వ్యవధిలో పట్టాల ఆ భాగంలోకి రైలు రాదని చూసి, రెండు వైపులా సిగ్నళ్లు ఎరుపులో ఉంచి, పొరపాటున తిప్పకుండా మీట మీద అడ్డు తొడుగు పెట్టాకే "దాటండి" అనాలి. డ్రైవర్ దాన్ని తిరిగి చెప్పాలి. దాటాక మళ్లీ ఫోన్ చేసి "దాటేశాను, పట్టాలు ఖాళీ" అనాలి. ఈ రెండో కాల్‌నే ఎక్కువమంది మరిచిపోతారు. అది రాకపోతే, దాటే ఉంటాడులే అని సిగ్నల్ ఎరుపు తీసేయకూడదు. క్రాసింగ్ మీద అడ్డం ఉన్నట్టే భావించి, తర్వాతి రైలు డ్రైవర్‌కు విషయం చెప్పి, చూసుకుంటూ మెల్లగా వెళ్లమనాలి. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

గేట్‌మ్యాన్ ఉన్న క్రాసింగుల్లో ఫోన్ పాత్ర ఇంకోలా ఉంటుంది. భారతీయ రైల్వేలో సిగ్నల్‌తో ముడిపడని గేట్లు ఉన్నాయి, అంటే గేటు తెరిచి ఉన్నా సిగ్నల్ పడుతుంది. అక్కడ రైలుకీ గేటుకీ మధ్య ఉన్న తాళం ఫోన్ ఒక్కటే. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి రైలు వస్తోందని చెబుతారు. గేట్‌మ్యాన్ గేటు వేసి, తన దగ్గరున్న పట్టీలోంచి వరుసలో తర్వాతి ప్రైవేట్ నంబర్ చెబుతాడు. ఇద్దరూ రాసుకుంటారు. ఆ నంబర్ ముందుగా ఊహించగలిగేది కాదు కాబట్టి, అది నోటి నుంచి వచ్చిందంటే మాట నిజంగా జరిగిందన్నమాట. కాని గేటు వేసినట్టు మాత్రం అది రుజువు చేయదు. "వేసేస్తున్నాలే" అనుకుంటూ నంబర్ ముందే చెప్పేస్తే తాళం తెరిచి ఉండగానే తాళం పడ్డట్టు రిజిస్టర్‌లో నమోదవుతుంది. మాటలు రికార్డ్ చేసే యంత్రం పెట్టి, వాటిని ఎవరో ఒకరు క్రమం తప్పకుండా వింటేనే ఈ అలవాటు బయటపడుతుంది. రికార్డింగ్ ఉండి, వినేవాళ్లు లేకపోతే లాభం లేదు.

ఫోన్ పని చేయకపోతే? గేటు మీద అడ్డం ఉండి ఫోన్ పలకకపోతే గేట్‌మ్యాన్ ఎర్ర జెండాతో రైలుకు ఎదురు పరుగెత్తాలి. బ్రాడ్‌గేజ్‌లో 600 మీటర్ల దగ్గర ఒక పటాసు (చక్రం ఎక్కగానే పేలి డ్రైవర్‌ను హెచ్చరించేది), 1,200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పటాసులు పట్టా మీద పెట్టాలి. ఆ 1,200 మీటర్లు పట్టాల పక్క కంకర మీద పరుగెత్తడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించండి. ఫోన్ మరమ్మతును రేపటికి వాయిదా వేసేముందు ఆ పరుగును తలుచుకోవాలి.

ఇక సామగ్రి. నాలుగు రకాలు వాడుకలో ఉన్నాయి.

పాతది మాగ్నెటో ఫోన్. హ్యాండిల్ తిప్పితే లోపలి చిన్న జనరేటర్ 75 వోల్టుల దరిదాపుల్లో ఏసీ పుట్టిస్తుంది, అవతల గంట మోగుతుంది. మాటకు కావలసిన కరెంటు పక్కనే ఉన్న సెల్స్ నుంచి వస్తుంది. ఎక్కడా కరెంటు లేకపోయినా పలుకుతుంది. అదే దాని గొప్ప. దాని లోపం కూడా ఆ సెల్సే. బలహీనపడితే గంట మోగుతుంది, మాట మాత్రం గుసగుసలా వినిపిస్తుంది. కాబట్టి "గంట మోగింది" అన్నంత మాత్రాన ఫోన్ బాగున్నట్టు కాదు. ఒకే తీగ మీద నాలుగైదు గేట్లు ఉంటే పొడుగు, పొట్టి గంటల సంకేతాలతో ఎవరిని పిలుస్తున్నారో గుర్తు పడతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అత్యవసరంగా మధ్యలో దూరాల్సి రావచ్చు. అందుకని మాట్లాడేముందు విను అన్న క్రమశిక్షణ కావాలి.

రెండోది రెండు తీగల నేరు లైను. రిసీవర్ ఎత్తగానే నంబర్ నొక్కే పని లేకుండా అవతల మోగుతుంది. కరెంటు అటువైపు 48 వోల్టుల బ్యాటరీ నుంచే వస్తుంది. దీనికి ఒక హద్దు ఉంది. 0.9 మిల్లీమీటర్ల రాగి తీగ జత కిలోమీటరుకు 56 ఓములు. ఎక్స్‌ఛేంజ్ వైపు 400, ఫోన్‌కు 200 వేసుకోండి. 20 కిలోమీటర్లకు మొత్తం 1,720 ఓములు, కరెంటు 28 మిల్లీ ఆంపియర్లు, బాగుంది. 40 కిలోమీటర్లకు 2,840 ఓములు, కరెంటు 17కు పడిపోతుంది. చాలా ఫోన్లకు 20 దాకా కావాలి. కొత్తలో పలికిన లైను, కీళ్లు తుప్పు పట్టి మరో 300 ఓములు చేరగానే వానాకాలంలో చచ్చిపోవడానికి కారణం ఇదే. లైను వేసిన రోజున అంచు మీద నడిచే లెక్క ఒప్పుకోకూడదు.

25 వేల వోల్టుల విద్యుత్ మార్గం పక్కన పరిచిన రాగి కేబుల్‌లో ప్రేరిత వోల్టేజీ, అంటే తీగలు తాకకుండానే వచ్చే వోల్టేజీ, పుడుతుంది. మామూలు రోజుల్లో 60 వోల్టులు, పై తీగ తెగి నేల తాకినప్పుడు క్షణకాలం 430 వోల్టులు దాటకూడదన్నది టెలిఫోన్ ఇంజినీర్లు పాటించే హద్దు. దానికి తొడుగున్న కేబుల్, మధ్య మధ్య లైనును ముక్కలుగా విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. అయితే ట్రాన్స్‌ఫార్మర్ డీసీని ఆపేస్తుంది. కాబట్టి అవతలి బ్యాటరీ కరెంటుతో బతికే ఫోన్ దాని మీదుగా పని చేయదు, మాగ్నెటో పని చేస్తుంది. విద్యుదీకరణ వచ్చాక ఈ సంగతి మరిచి ఫోన్ రకం మార్చేసి, ఎందుకు మూగపోయిందా అని వెతకడం జరుగుతుంటుంది.

మూడోది ఫైబర్ మీద నడిచే ఐపీ ఫోన్, అంటే మాటను ఇంటర్నెట్ తరహాలో డేటాగా పంపేది. మాట శుభ్రంగా ఉంటుంది, ప్రేరిత వోల్టేజీ బెడద లేదు, ఏ ఫోన్ ఎప్పుడు చచ్చిందో తెర మీదే కనిపిస్తుంది. మాటకు కావలసింది అటూ ఇటూ 90 కిలోబిట్లకు లోపే. చెడేది మాట కాదు, చుట్టూ ఉన్నవి. కరెంటు పోయి వస్తే పెట్టెలోని నెట్‌వర్క్ స్విచ్ తిరిగి లేవడానికి రెండు నిమిషాలు, ఫోన్ నమోదు కావడానికి ఇంకొంత. ఆ వ్యవధి అంతా ఫోన్ లేనట్టే. కాబట్టి స్విచ్‌కు, ఫోన్‌కు, మధ్యనున్న ప్రతి పెట్టెకూ బ్యాటరీ ఉండాలి. ఫోన్‌కు ఒక్కదానికే పెట్టి ఊరుకుంటే లాభం లేదు. ఒకే కేబుల్‌లో రెండు ఫైబర్లు వేసి రెండు దారులు అనుకోవడం ఇంకో భ్రమ. జేసీబీ పంటికి రెండూ ఒక్కసారే తెగుతాయి.

నాలుగోది మొబైల్ నెట్‌వర్క్ మీద, సౌర ఫలకంతో నడిచేది. కేబుల్ తవ్వలేని చోట ఇదే దిక్కు. సగటున 2 వాట్లు వాడే ఫోన్‌కు రోజుకు 48 వాట్ అవర్లు. ఐదు రోజుల మబ్బుకు 240. బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 480, అంటే 12 వోల్టుల బ్యాటరీ 40 ఆంపియర్ అవర్లు. చలి ప్రాంతమైతే ఇంకా పెద్దది. దీనికి ఒక విచిత్రమైన జబ్బు వస్తుంది. మీటర్ పెట్టి చూస్తే వోల్టేజీ బాగానే ఉంటుంది, కాల్ మొదలవగానే ఫోన్ ఆగి మళ్లీ మొదలవుతుంది. కారణం, ప్రసారం చేసే క్షణాల్లో మోడెం ఒక్కసారిగా 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నని తీగ, తుప్పు పట్టిన టెర్మినల్ ఆ దెబ్బకు వోల్టేజీని పడేస్తాయి. తీగ మందం పెంచి, మోడెం దగ్గర పెద్ద కెపాసిటర్ పెడితే సరిపోతుంది. ఇంకొకటి, పాత తరం మొబైల్ సేవలను కంపెనీలు మూసేస్తుంటాయి. ఫోన్‌లోని మోడెం ఏ తరానిదో రికార్డులో రాసి ఉంచకపోతే ఒక ఉదయం అన్ని ఫోన్లూ ఒకేసారి పోతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం: చోటు గుర్తింపు.

భయంలో ఉన్న మనిషి తానెక్కడున్నాడో సరిగ్గా చెప్పలేడు. "రైలు గేటు దగ్గర" అంటాడు. ఊరి పేరు చెబుతాడు, ఆ ఊరికి మూడు గేట్లుంటాయి. అందువల్ల చోటు చెప్పే పని ఫోన్‌దే కావాలి. రిసీవర్ ఎత్తగానే సిగ్నల్ మనిషి తెర మీద క్రాసింగ్ పేరు, కిలోమీటరు, రోడ్డుకు ఏ వైపో కనిపించాలి.

అక్కడే అతి ప్రమాదకరమైన లోపం పొంచి ఉంటుంది. ఏదో కేబుల్ పని జరుగుతుంది. తీగలు విప్పి, మళ్లీ కట్టేటప్పుడు రెండు క్రాసింగుల జతలు తారుమారవుతాయి. రెండు ఫోన్లూ మోగుతాయి, రెండూ స్పష్టంగా పలుకుతాయి, ఏ అలారమూ రాదు. తెర మీద మాత్రం ఒకదాని పేరు ఇంకొకదానికి పడుతుంది. చచ్చిన ఫోన్ తాను చచ్చానని చెబుతుంది. పేరు మారిన ఫోన్ ధైర్యంగా అబద్ధం చెబుతుంది. రైళ్లను ఆపాల్సిన చోట కాకుండా వేరే చోట ఆపుతారు. ఐపీ ఫోన్లలో చెడిపోయిన ఒకదాన్ని మార్చి, పాత సెట్టింగులు ఇంకోదాని నుంచి కాపీ చేసినా ఇదే జరుగుతుంది. కాబట్టి తీగను ముట్టుకున్న ప్రతిసారీ, ఆ తీగ మీద ఉన్న ప్రతి ఫోన్ దగ్గరికీ మనిషి వెళ్లాలి, రిసీవర్ ఎత్తాలి. సిగ్నల్ మనిషి ముందుగా తన తెర మీదున్న పేరు చదవాలి. క్రాసింగ్ దగ్గరున్న మనిషి బోర్డు చూసి సరిపోల్చాలి. క్రాసింగ్ మనిషే ముందు పేరు చెబితే అవతలివాడు "ఆ, అదే" అనేస్తాడు, పరీక్ష వృథా. క్రమం ముఖ్యం.

ఫోన్ లేకుండా బోర్డు మీద నంబర్ మాత్రమే ఉండే పద్ధతి అమెరికాది. 2012లో వచ్చిన నిబంధన ప్రకారం క్రాసింగుల దగ్గర నీలి రంగు బోర్డు పెట్టి, రైలు సంస్థకు నేరుగా వెళ్లే ఉచిత నంబర్, క్రాసింగ్ సంఖ్య రాస్తారు. ప్రజలు సొంత మొబైల్ నుంచి చేస్తారు. పోలీసుకు చేస్తే వాళ్లు వెతికి రైలు సంస్థను పట్టుకునేసరికి నిమిషాలు పోతాయి, ఆ మధ్యవర్తిని తీసేయడమే దీని ఉద్దేశం. ఆ క్రాసింగ్ సంఖ్య ఆరు అంకెలు, చివర ఒక అక్షరం. ఆ అక్షరం అంకెల నుంచి లెక్క కట్టినది. ఒక అంకె తప్పు చదివితే అక్షరం కలవదు, వెంటనే మళ్లీ చదవమంటారు. చిన్న ఏర్పాటే కాని ఎంత తెలివైనది! మీరు ఎక్కడ బోర్డు రాసినా ఇలాంటి సరిచూపు అక్షరం ఒకటి కలపండి. ఈ పద్ధతి బలహీనత మొబైల్ సిగ్నలే. సిగ్నల్ లేని లోయలో బోర్డు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

అవతలి వైపు గురించి. సిగ్నల్ మనిషి బల్ల మీద ఇరవై ముప్పై క్రాసింగుల ఫోన్లు ఒకే పలక మీద వాలుతుంటాయి. వాటిలో ఎక్కువ మామూలు అనుమతి కాల్స్. అత్యవసర కాల్‌కు వేరే గంట, వేరే రంగు, వరుసలో ముందు చోటు ఉండాలి. మాట్లాడుతున్న మామూలు కాల్‌ను తోసుకుని రాగలగాలి. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే రికార్డు గొంతు ఇక్కడ ఒక్క క్షణం కూడా వినిపించకూడదు. మొదటి ప్రశ్న "మీ పేరేంటి" కాకూడదు, "పట్టాల మీద ఏమైనా అడ్డం ఉందా?" అయ్యుండాలి. ఉంది అనగానే సిగ్నళ్లు ఎరుపు, రేడియోలో అత్యవసర పిలుపు. రైల్వేల కోసం చేసిన మొబైల్ రేడియో, జీఎస్ఎం-ఆర్, ఉన్న చోట 299 నొక్కితే ఆ ప్రాంతంలోని రైళ్లన్నిటికీ ఒక్కసారే వినిపిస్తుంది. వివరాలన్నీ ఆ తర్వాత. ఈ లోపు ఫోన్ పెట్టేయవద్దని అవతలి మనిషికి చెప్పాలి.

పెట్టె విషయంలో మాటలు తక్కువ చాలు. రోడ్డుకు రెండు వైపులా, గేటుకు బయట ఉండాలి. ఫోన్ కోసం పట్టాలు దాటాల్సి రాకూడదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికీ అందేలా రిసీవర్ 1.2 మీటర్ల ఎత్తు మించకూడదు. కేబుల్ కింద నుంచే లోపలికి రావాలి, పై నుంచి వస్తే వాన దాని వెంబడే వస్తుంది. రిసీవర్ పెట్టే కొక్కేనికి కదిలే మీట కంటే అయస్కాంతంతో పని చేసే స్విచ్ మేలు. మీట ఇరుక్కుంటే ఫోన్ ఎత్తి ఉన్నట్టే కనిపించి లైను మూసుకుపోతుంది. అలా రెండు నిమిషాలకు మించి ఎత్తి ఉన్న ప్రతి ఫోన్‌కూ అలారం రావాలి. ఎవరో సరిగ్గా పెట్టలేదని ఊరుకోకూడదు, ఎవరో అక్కడ పడిపోయి ఉండవచ్చు. మైకు రంధ్రాల్లో చీమలు, సాలీళ్లు గూడు కట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది. అవతలి మాట మీకు బాగా వినిపిస్తుంది, మీ మాట మాత్రం అవతలికి చేరదు. సన్నని ఉక్కు జాలీ ఒకటి వేస్తే తీరిపోతుంది.

పిడుగు దెబ్బను నేలకు మళ్లించే, గ్యాస్ నింపిన చిన్న గొట్టాలు లైను రెండు చివరలా ఉండాలి, భూమి కనెక్షన్ 10 ఓములకు లోపు. ఉరుముల కాలం తర్వాత ఆ గొట్టాలు లోపల అతుక్కుపోయి లైనును నేలకు కట్టేస్తాయి. ఫోన్ మార్చేముందు వాటినే చూడండి. కేబుల్ ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిచేటప్పుడు రెండు చివరలా ఎలక్ట్రానిక్స్ విప్పాకే తిప్పండి. లేకపోతే వెతికే లోపం కన్నా పెద్ద లోపం మీ చేతనే పుడుతుంది.

చివరగా పరీక్ష. యంత్రం రోజుకోసారి ప్రతి ఫోన్‌నూ తట్టి చూడాలి. లైను తెగిందా, రిసీవర్ త్రాడు ఉందా, స్పీకర్ నుంచి చిన్న శబ్దం చేసి మైకులో వినిపించిందా అని. ఇవేవీ బోర్డు మీద చెట్టు కొమ్మ వాలిందని చెప్పవు, తలుపు తుప్పు పట్టి రాదని చెప్పవు. అందుకని నెలకోసారి మనిషి వెళ్లాలి. వెళ్లినవాడు రోడ్డు మీద లారీ డ్రైవర్ కూర్చునే ఎత్తు నుంచి బోర్డు చదవగలనా అని చూడాలి. పెట్టె తలుపు ఒక చేత్తో తీయాలి. ఎత్తినప్పటి నుంచి అవతలి గొంతు వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి, ఆ అంకెను రిజిస్టర్‌లో రాయాలి. "పనిచేస్తోంది" అని ఒక్క మాట రాస్తే ఏమీ తెలియదు. జనవరిలో 4, ఫిబ్రవరిలో 5, మార్చిలో 11 అని ఉంటే ఏప్రిల్‌లో ఏం జరగబోతోందో రిజిస్టరే చెబుతుంది. పగలు ఒకసారి, సిగ్నల్ మనిషి ఒక్కడే ఉండే రాత్రి షిఫ్టులో ఒకసారి చేయండి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. రాత్రి అంకె పెద్దదిగా ఉంటే లోపం తీగలో లేదు, అవతలి గదిలో మనుషుల సంఖ్యలో ఉంది. ఆ కాగితం టెలికాం విభాగం దగ్గరే ఆగకుండా రైళ్లు నడిపే విభాగానికి కూడా వెళ్లాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.